ప్రమాణానికి మించిన మా ఆవిడ

మా ఆవిడ పొడుగుది. ఈ సంగతి గృహవసతి మండలి వారికి తెలియడానికి ఇరవై మూడేళ్లు పట్టింది. తెలిశాక వాళ్లు ఊరుకోలేదు.

హైమావతి ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం అని నేను అందరికీ చెబుతూ ఉంటాను. పెళ్లిలో దండలు మార్చుకునేటప్పుడు నన్ను పీట ఎక్కించారు. ఆ ఫోటో మా ఆల్బంలో ఉంది గానీ, ఇంటికొచ్చిన వాళ్లు ఆల్బం దాకా వెళ్లకుండా నేను కాఫీలతో సరిపెడుతుంటాను.

నేను జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్ని. నా బోటి చిన్న ఉద్యోగుల కోసం మండలి వారు మా ఊళ్లో నూట నలభై రెండు ఇళ్లు కట్టారు. ముప్ఫై ఏళ్లు వాయిదాలు కడితే ఇల్లు మనది. అప్పటిదాకా అది మండలిది. గోడకి మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టాలి. మా పక్కింటాయన అర్జీ లేకుండా ఇంటి ముందు రెండు మెట్లు కట్టించుకుంటే మండలి వారు వచ్చి పగలగొట్టి, పగలగొట్టిన కూలి కూడా ఆయన దగ్గరే వసూలు చేశారు.

ఆ నూట నలభై రెండు ఇళ్లలోనూ వంటగట్టు ఒకే ఎత్తు. నల్లటి కడప రాయి, నేల నుంచి ఇరవై ఎనిమిది అంగుళాలు. మా ఆవిడ దాని ముందు నిలబడితే గట్టు ఎక్కడో కింద ఉంటుంది. కూర తరగాలన్నా, గిన్నె దించాలన్నా, అంట్లు తోమాలన్నా వంగాల్సిందే. అలా ఇరవై మూడేళ్లు వంగాక, ఈ ఏడు ఉగాది నాడు పచ్చడి కలుపుతూ వంగిన మనిషి మళ్లీ లేవలేకపోయింది. నేనూ మా అమ్మాయీ చెరో రెక్కా పట్టుకుని మంచం మీదకి చేర్చాం. అమ్మాయి కాకినాడలో నర్సింగ్ చదువుతోంది. సెలవలకి వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఎత్తు మనిషిని నేనొక్కణ్ణీ లేపలేను.

డాక్టరు ఎక్స్‌రే చూసి ఒకే మాట చెప్పాడు. ఈమె ఇక వంగకూడదు, ఇంకో ఏడాది ఇలాగే వంగితే ఆపరేషన్ తప్పదు, కాబట్టి గట్టయినా లేపండి, వంటయినా మాన్పించండి అన్నాడు. నేను గట్టు లేపడానికే నిశ్చయించుకున్నాను. ఈ నిర్ణయానికి రావడానికి రాత్రంతా ఆలోచించానని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది గానీ, నిజానికి అర నిమిషం కూడా పట్టలేదు.

తాపీ మేస్త్రీ పైడిరాజుని పిలిచాను. వంటిల్లు మొత్తం బాగుచేయించాలని మా ఆవిడకి ఎప్పట్నుంచో ఉంది. నా దగ్గర ఉన్నది చీటీ పాడిన పందొమ్మిది వేలు. ఆ మాట చెబితే పైడిరాజు వంటింట్లోకి వెళ్లి, తల గోక్కుని, గట్టుని వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు.

“ఏటుంది బాబూ ఇందల? రాయి ఊడదీసేసి, రెండు వరసల ఇటక పేర్సి, మల్ల అదే రాయి ఎట్టేత్తే అయిపోద్ది. ఒక్కరోజు పని. పలకలు నువ్వు కొనక్కర్లేదు, నా కాడున్నాయి” అన్నాడు.

పైడిరాజు దగ్గరున్న పలకలు నాలుగైదు స్నానాల గదుల్లో మిగిలిపోయినవి. కొన్నిటి మీద చేపలు, కొన్నిటి మీద గులాబీలు, కొన్ని ఉత్త తెలుపు, ఒకదాని మీద హంస, అదీ సగమే. అన్నీ కలిపి గోడకి అంటిస్తే వంటిల్లు తిరనాళ్లలా ఉంటుందని నేను సందేహించాను. రంగులు నా నడుముకి కనిపించవు, అంటించమనండి అంది హైమావతి. సింకు పాతదే, కుళాయి పాతదే, కొత్తగా కొనేది ఒక బస్తా సిమెంటూ వంద ఇటుకలూ. పందొమ్మిది వేలలో మిగులు కూడా కనిపించేసరికి మా ఆవిడ మంచం మీద నుంచే ఓ కొత్త మిక్సీ ధర కనుక్కోమంది.

మిగిలింది మండలి అనుమతి ఒక్కటే.

మండలి ఆఫీసులో మా కాలనీ వ్యవహారం చూసేది ఏఈ భానోజీరావు గారు. నీతిమంతుడు. ఒక్క రూపాయి పుచ్చుకోడు. పుచ్చుకునే మనిషే అయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మా గట్టు ఆ వారంలోనే లేచేది. ఆ మధ్య ఆయన ఢిల్లీ వెళ్లి ప్రమాణీకరణ మీద పదిరోజుల శిక్షణ పొంది వచ్చాడు. అప్పట్నుంచి చొక్కా జేబులో పెన్నుతో పాటు కొలత టేపు కూడా పెట్టుకు తిరుగుతున్నాడు. ఎవరైనా కుర్చీ లాక్కుని కూర్చుంటే ముందు ఆ కుర్చీ ఎత్తు ఎంతో చెప్పి, తర్వాత నమస్కారం చేస్తాడు.

అర్జీ మా ఆవిడ పేరనే పెట్టమన్నాడు, బాధిత అవయవం ఆవిడది కనుక. అలాగే పెట్టాం. దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“గట్టు పొట్టిగా ఉందని రాశారు. ఇది వాస్తవ విరుద్ధం. సదరు గట్టు ఇరవై ఎనిమిది అంగుళాలు. మండలి ప్రమాణమూ ఇరవై ఎనిమిది అంగుళాలే. కనుక గట్టునందు లోపమేమీ లేదు. లోపం ఉన్న పక్షంలో అది మరెక్కడో ఉండి ఉండాలి. క్షేత్ర పరిశీలన జరుపుతాము” అన్నాడు.

గురువారం వచ్చాడు. గట్టు కొలిచాడు, సరిగ్గా ఇరవై ఎనిమిది. నేల కొలిచాడు, కప్పు కొలిచాడు, తలుపు కొలిచాడు. అన్నీ ప్రమాణంలోనే ఉన్నాయి. ఆ వంటింట్లో కొలవనిది ఇంకొక్కటే మిగిలింది. కాస్త గోడకి ఆనుకుని నిలబడమ్మా అన్నాడు. హైమావతి నడుం పట్టుకుని వచ్చి నిలబడింది. ఆయన ఆవిడ తల మీద స్కేలు పెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత గీసి, కొలిచి, నాకేసి జాలిగా చూశాడు.

వారం తిరక్కుండా నోటీసు వచ్చింది, హైమావతి పేర. మండలి ప్రమాణం ప్రకారం వంటగది ఉపయోగదారు ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు ఉండవలసి ఉండగా, తాము అందుకు తొమ్మిది అంగుళాలు అధికంగా ఉన్నట్లు తనిఖీలో వెల్లడైనది, సదరు ఆధిక్యత ఎప్పుడు, ఎవరి అనుమతితో సంభవించినదో పదిహేను రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను అని దాని సారాంశం.

నాకు ఒళ్లు మండింది. హైమావతి మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని, గుండెల మీద దిండు, దాని మీద కాగితం పెట్టుకుని, చక్కటి చేతిరాతతో జవాబు రాసింది. తమ నాన్నగారు ఆరడుగుల మనిషనీ, తాను తొమ్మిదో తరగతిలోనే ఇంత ఎత్తయిందనీ, అప్పటికి మండలి ఇళ్లు ఇంకా కట్టలేదనీ, కాబట్టి ముందు వచ్చింది తన ఎత్తే గానీ గట్టు కాదనీ రాసింది. ఇంత న్యాయశాస్త్రం ఆవిడకి తెలుసని నాకు తెలీదు. మండలి వారు ఆ వాదన నమోదు చేసుకుని, ఇకపై పెరగబోరని డాక్టరు సర్టిఫికెట్టు జతచేయమన్నారు. డాక్టరు ఆ కాగితం మూడుసార్లు చదువుకుని, నవ్వకుండా సంతకం పెట్టాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

ఇదంతా జరుగుతున్నంతకాలం వంట హైమావతే చేస్తోంది. ఎవరు చేస్తారు మరి? ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గరిటె మీద. పది నిమిషాలు వంగడం, పది నిమిషాలు కుర్చీలో కూర్చోవడం. పప్పు ఉడికేలోగా రెండుసార్లు కళ్లు మూసుకునేది. నేను పేపరు చదువుతూ, మండలి వాళ్లని తిడుతూ, ఆవిడకి బోలెడు సానుభూతి చూపిస్తూ ఉండేవాణ్ణి.

పైడిరాజు ఓ ఉపాయం చెప్పాడు. గట్టు లేపకూడదంటే నేల తవ్వేద్దాం బాబూ, అమ్మగారు తొమ్మిదంగుళాలు కిందకి దిగిపోద్ది, గట్టు దాని కాడే ఉంటాది అన్నాడు. ఇదే నేను భానోజీరావు గారికి నివేదించాను. ఆయన ముగ్ధుడయ్యాడు గానీ, నేల కూడా ప్రమాణంలోనే ఉన్నందున ఈ విషయం తన పరిధి దాటిందని ఫైలుని తన పైఅధికారి, ఈఈ విద్యాపతి గారికి పంపించాడు.

విద్యాపతి గారు పెద్దాయన, మెల్లగా మాట్లాడతాడు. మా దంపతులిద్దరినీ పిలిపించాడు. హైమావతి కూర్చోలేక నిలబడే ఉంది, దాంతో ఆయన తలెత్తి మాట్లాడవలసి వచ్చింది. అసలు నాలుగడుగుల పదకొండు అంగుళాలనే లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను అడిగాను. ఆయన పాత ఫైలు తెప్పించాడు. ముప్ఫై మూడేళ్ల కిందట మండలి వారు శాస్త్రీయంగా ఉండాలని ఒక నమూనా కుటుంబాన్ని పిలిచి కొలిచారు. భర్త, భార్య, అత్తగారు, ఇద్దరు పిల్లలు. అయిదుగురినీ కూడి అయిదుతో భాగించారు. వచ్చింది నాలుగడుగుల పదకొండు. ఆ పిల్లల్లో ఒకడు మూడో తరగతి.

“వంటగది యావత్ కుటుంబానికీ చెందినది కనుక కుటుంబ సగటు తీసుకొనుట సముచితం” అన్నాడు విద్యాపతి గారు.

“అలాగయితే కుటుంబమంతా వండాలి కదండీ” అంది హైమావతి, అమాయకంగానే.

విద్యాపతి గారు పెన్ను కింద పెట్టాడు. భానోజీరావు గారు టేపు బయటికి తీసి మళ్లీ లోపల పెట్టుకున్నాడు. కాసేపటికి పెద్దాయన ముఖం వికసించింది. ఇన్నాళ్లూ మనం సమస్యను తలకిందులుగా చూశాము, ఉపయోగదారుకు తగిన గట్టు కాదు, గట్టుకు తగిన ఉపయోగదారును అన్వేషించవలెను, ఈ గృహమునందు ఇంకెవరున్నారు అని అడిగాడు.

గృహమునందు ఇంకెవరున్నారో మీకు తెలుసు. అమ్మాయి అప్పటికే హాస్టలుకి వెళ్లిపోయింది.

నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళమనీ, కాబట్టి నేను కూడా ప్రమాణాతీతుణ్ణేననీ గట్టిగా చెప్పాను. భానోజీరావు గారు చెప్పులు విప్పమన్నాడు. నా చెప్పులకి మడమ దగ్గర కాస్త ఎత్తు ఉంటుంది, చెప్పుకునేంత కాదు. విప్పాను. జుట్టు అణచమన్నాడు. అణిచాను. ఆఫీసు గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి మెడ సాగదీసి నిలబడ్డాను. గుమాస్తాలు కూడా లేచి వచ్చి చూశారు. భానోజీరావు గారు ఒకటికి రెండుసార్లు కొలిచాడు. రెండోసారి కొలిచాక టేపుని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

నాలుగడుగుల పదకొండు అంగుళాలు. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ప్రమాణానికి ఇంత అచ్చంగా సరిపోయిన మనిషిని చూడటం తనకిదే మొదటిసారి అన్నాడాయన. మా ఆవిడ మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఇరవై మూడేళ్లుగా ఆవిడకి నా అసలు ఎత్తు తెలుసనీ, మర్యాదకి ఊరుకుందనీ నాకు ఆ క్షణంలో అర్థమయింది.

ఉత్తర్వు రెండు రోజుల్లో వచ్చింది. ఈ ఇంటి గట్టుకు సంబంధించి నన్ను అనుగుణ ఉపయోగదారుగా నమోదు చేశారు. ఇకపై వంట నేనే చేయవలెను, ప్రమాణాతిరిక్త ఉపయోగదారు గట్టును వినియోగించినట్లు ఆకస్మిక తనిఖీలో తేలినచో ఇంటి కేటాయింపు రద్దగును. ఇరవై మూడేళ్ల వాయిదాలు. అవి గుర్తొచ్చి, నేను ఏప్రన్ అనే వస్తువు బజార్లో ఎంతకి దొరుకుతుందో కనుక్కున్నాను. తర్వాత పాత తువ్వాలు కట్టుకున్నాను.

మొదటిరోజు పొద్దున్న ఆ గట్టు ముందు నిలబడ్డాను. నాకు అది కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. ఎక్కడా వంగక్కర్లేదు, భుజం ఎత్తక్కర్లేదు. కత్తిపీట వదిలేసి చాకుతో బెండకాయలు తరిగాను, నడుం నిటారుగా ఉంది. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఇదే చోట హైమావతి ఇరవై మూడేళ్లు ఒంగిపోయి నిలబడిందని. ఎక్స్‌రేలో చూసినప్పుడు కూడా ఇంత తెలియలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మధ్యాహ్నం దాకా ఉంది. తర్వాత అంట్లు గుర్తొచ్చి పోయింది.

తనిఖీలు బాగానే జరిగాయి. భానోజీరావు గారు ఉదయం ఏడున్నరకి చెప్పకుండా వచ్చేవాడు. నేను పోపు వేస్తుంటే మోచేతి వంపు కొలిచి, పుస్తకంలో రాసుకుని, తృప్తిగా తల పంకించి వెళ్లేవాడు. ఉప్మా ఉండకట్టినా, చారు చప్పగా ఉన్నా ఆయనకి పట్టేది కాదు, కోణం సరిగా ఉంటే చాలు. హైమావతి హాల్లో కుర్చీలో కూర్చుని, ఇంగువ నూనె కాగాక వెయ్యండి, పప్పు మెదిపాక ఉప్పు వెయ్యండి అని చెబుతూ ఉండేది. పై అలమారలో డబ్బా నాకు అందకపోతే మాత్రం వచ్చి, చెయ్యి చాపి తీసి ఇచ్చి వెళ్లిపోయేది. గట్టు ముట్టుకోలేదు కాబట్టి అది నేరం కాదని భానోజీరావు గారిని అడిగి ముందే తెలుసుకున్నాం.

నేను కాలేజీలో పుస్తకం ఇస్తే పిల్లలు వాసన చూసి, ఇవాళ మెంతికూరా సార్ అని అడిగేవారు. మూడో వారానికి హైమావతి నొప్పి బిళ్లలు మానేసింది. ఐదో వారానికి సాయంత్రంపూట కాలనీ చివరిదాకా నడిచి రావడం మొదలుపెట్టింది. నడిచి వచ్చి ఆకలేస్తోందనేది.

మా ఇంటితో ఆగిపోతే మండలి మండలి ఎందుకవుతుంది? ఒక్క గృహంలో సాధించిన అనుగుణ్యతను యావత్ కాలనీకీ విస్తరింపజేయవలెనని విద్యాపతి గారికి ఉత్సాహం పుట్టింది. ఆదివారం నాడు కమ్యూనిటీ హాల్లో నూట నలభై రెండు ఇళ్లవాళ్లనీ వరసలో నిలబెట్టి కొలిచారు. ముసలీ ముతకా పిల్లా జెల్లా అందరినీ. సాయంత్రానికి లెక్క తేలింది. ప్రమాణానికి సరిపోయినవాళ్లు నలుగురు. ఒకరు పోస్టుమాస్టరు గారి తల్లి, ఎనభై నాలుగేళ్లు, రెండు కళ్లకీ శుక్లాలు. ఇద్దరు ఎనిమిదో తరగతి ఆడపిల్లలు, వాళ్ల చేత వండిస్తే అది వేరే చట్టం కిందికి వస్తుంది. నాలుగోవాణ్ణి నేను.

సోమవారం మిగతా ఇళ్ల పొయ్యిలకి సీళ్లు వేశారు. గ్యాసు స్టవ్వు మీద కాగితం చుట్టి, నాలుగు మూలలా లక్క వేసి, మండలి ముద్ర కొట్టారు. నన్ను రోజుకో ఇంటికి డెప్యుటేషన్ మీద పంపాలని కూడా ఒక ప్రతిపాదన తయారైంది. దాని ప్రకారం ప్రతి కుటుంబానికీ ఇంచుమించు అయిదు నెలలకొకసారి చట్టబద్ధమైన భోజనం లభిస్తుంది. మా కాలేజీ ప్రిన్సిపాలు గారికి లేఖ కూడా వెళ్లింది.

భానోజీరావు గారిది కూడా మా కాలనీయే. పదిహేడో నంబరు. ఆయన అయిదడుగుల పది, వాళ్లావిడ అయిదడుగుల మూడు. ముందే చెప్పాను కదా, నీతిమంతుడని. తన ఇంటి పొయ్యికి తానే సీలు వేసుకున్నాడు. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరిగిందో బయటికి రాలేదు గానీ, ఆయన మూడు పూటలా బస్టాండు దగ్గర హోటల్లో కనిపించేవాడు, రెండో రోజు నుంచి ఒక్కడే. మూడో రోజు భానోజీరావు గారి భార్య విద్యాపతి గారి భార్యకి ఫోన్ చేసిందని విన్నాం. నాలుగో రోజు ఫైలు కదిలింది. ఇరవై మూడేళ్లు నూట నలభై రెండు మంది ఆడవాళ్ల నడుములు కదిలించలేని ఫైలు, ఒక ఏఈ గారు పన్నెండు పూటలు హోటలు భోజనం చేసేసరికి పరుగెత్తింది.

కొత్త ఉత్తర్వు ఎంతో ఉదారంగా ఉంది. గట్టు ఎత్తును ఇకపై నమోదైన ఉపయోగదారు ఎత్తును అనుసరించి సవరించుకొనవచ్చును. సీళ్లు ఊడాయి. కాలనీ అంతా ఇటుకలు, ఇసుక. పైడిరాజుకి చేతినిండా పని. మనిషి కనిపించడం మానేశాడు. ఎక్కడ చూసినా చేపలూ గులాబీలూ ఉన్న పలకలే. మా వంతు కోసం నేను రోజూ వాకిట్లో నిలబడేవాణ్ణి.

మా వంతు కాగితం రూపంలో వచ్చింది. ఈ గృహమునందు నమోదైన ఉపయోగదారు ఎత్తుకు ప్రస్తుత గట్టు సంపూర్ణంగా సరిపోవుచున్నందున మార్పు అవసరం లేదు, దరఖాస్తుదారు సమస్య పరిష్కరించబడినది, ఫైలు మూసివేయడమైనది.

నేను ఆఫీసుకి పరుగెత్తాను. మొదట గట్టు లేపమని అడిగిందే మేమని మొత్తుకున్నాను. భానోజీరావు గారు సానుభూతిగా విని, దారి ఒకటుందన్నాడు. నమోదైన ఉపయోగదారు వంటకు అసమర్థుడని రుజువైతే పేరు తొలగిస్తారు. అప్పుడు హైమావతి పేరు ఎక్కుతుంది, గట్టు లేస్తుంది. అందుకు ఒక ఫారం ఉంది. అధికారి వచ్చి భోజనం చేయాలి. అయితే రుచి అనేది కొలతకు లొంగనిది కనుక అధికారి అభిప్రాయం చెల్లదు, దరఖాస్తుదారు వాంగ్మూలమే అంతిమం. అదీ నిబంధన.

నేను ఎగిరి గంతేశాను. దరఖాస్తుదారు మా ఆవిడే కదా. ఇదంతా ఆవిడ కోసమే కదా. గట్టు లేస్తే ఆవిడ నిటారుగా నిలబడి హాయిగా వండుకుంటుంది. ఆవిడ సుఖం తప్ప నా మనసులో మరో ఆలోచన లేదు. దారిలో కొత్త మిక్సీ కూడా బేరం చేశాను.

ఆదివారం భానోజీరావు గారిని భోజనానికి పిలిచాం. గుత్తొంకాయ, ముద్దపప్పు, టమాటా చారు. వంకాయలో ఉప్పు నాలుగు చెంచాలు వేశాను, సందేహమొచ్చి ఇంకోటి వేశాను. కారం చేతికొచ్చినంత. చారులో చింతపండు ముద్ద పిసికినట్టే వదిలేశాను. పప్పు అడుగంటనిచ్చాను, ఆ వాసన వీధిలోకి కూడా వెళ్లింది. జీవితంలో ఏ పనీ నేను ఇంత శ్రద్ధగా చేయలేదు.

భానోజీరావు గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్లాసుడు నీళ్లు తాగి, ఇంకో గ్లాసు తాగి, తన అభిప్రాయం చెల్లదు కనుక ఏమీ అనకుండా, ఫారం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు లోపల్లోపల ఎంతో సంతోషంగా ఉంది.

“అమ్మా, మీ వాంగ్మూలం నమోదు చేయవలసి ఉన్నది. నమోదైన ఉపయోగదారుకు వంట వచ్చునా, రాదా?” అన్నాడు.

ఉగాది నుంచి ఆవిణ్ణి గోడకి ఆనించి కొలిచారు, సంజాయిషీ అడిగారు, పెరగదని సర్టిఫికెట్టు తెమ్మన్నారు. నేను గట్టు లేపుతానన్నాను, పైడిరాజు నేల తవ్వుతానన్నాడు. నీకేం కావాలని అడగడం మాత్రం ఇదే మొదటిసారి. హైమావతి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. వంకాయ కూర అన్నంలో బాగా కలిపి, ఇంత పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. ఇంకో ముద్ద తింది. చారు పోసుకుని అది కూడా తింది. తర్వాత నాకేసి చూసింది.

“ఇరవై మూడేళ్లు నా వంట ఈయన తిన్నారండీ. బాలేదని ఒక్కనాడూ అనలేదు, బాగుందని కూడా అనలేదు. నేను అంటాను, రాసుకోండి. బాగుంది. రోజురోజుకీ చెయ్యి తిరుగుతోంది” అంది.

భానోజీరావు గారు నీళ్ల గ్లాసు పక్కన పెట్టి ఆ ముక్క అక్షరం పోకుండా రాసుకున్నాడు. సమర్థుడు అని రాసి కింద గీత కూడా గీశాడు. హైమావతి కంచం కాస్త నా వైపు జరిపి, వంకాయ ఇంకొంచెం వెయ్యమంది.

నేను లేచి వడ్డించాను.